మధుమేహము - మూలికలు

మధుమేహమని తెలిసిన మరునాడే ఆ యింటికి సలహాలు రావడం మొదలవుతుంది. కాకరకాయ రసమని ఒకరు, నేరేడు గింజల పొడి అని ఒకరు, పొడపత్రి ఆకని మరొకరు. వీటిని మూఢవిశ్వాసాలని త్రోసివేయడం సులభమే గాని శాస్త్రీయం కాదు. రెండవ రకం మధుమేహానికి నేడు వైద్యులు సాధారణంగా మొదట వ్రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర చరిత్ర కూడా ఒక మొక్కతోనే ఆరంభమవుతుంది.

ఆ మొక్క పేరు గలేగా. ఐరోపాలో మధ్యయుగాలనుండి మూలికగా వాడుకలో వున్నది. అందలి గలెజీన్ అనే పదార్థం రక్తంలోని చక్కెరను తగ్గించే మాట నిజమే. కాని ఆ మొక్కను అధికంగా మేసిన గొఱ్ఱెలు చనిపోతాయి! 1920 దశకంలో గలెజీన్‌ను రోగులకిచ్చి చూచి, దాని విషగుణం చేత విడిచిపెట్టారు. దానికి చుట్టరికం గల మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే రసాయనజ్ఞులు తయారుచేశారు. ఇన్సులిన్ వెలుగులో అప్పుడు దానిని పట్టించుకున్నవారు లేరు. 1957లో ఫ్రాన్సులో స్టెర్న్ అనే వైద్యుడు రోగులపై దాని ఫలితాలను ప్రకటించాడు. అమెరికాలో అనుమతి లభించేసరికి 1994వ సంవత్సరం వచ్చింది. ఎంత యిస్తే మేలు, ఎంత మించితే కీడు అన్నది తేలినందుననే అది మందు అయినది.

మన మూలికలలో మెంతులకు కొంత ఆధారం కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1980 దశకంలో వాటిని రోగుల ఆహారంలో చేర్చి పరిశీలించింది. మెంతులలోని జిగురైన పీచు, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. కాకరపై జరిగిన పరీక్షలను 2012లో సమీక్షించినవారికి తగిన ఆధారం దొరకలేదు. పొడపత్రి నమిలిన నోటికి పంచదార యిసుక వలె వుంటుంది. హిందీలో దానిని గుడ్‌మార్, అనగా బెల్లాన్ని చంపేది, అంటారు. అయితే నాలుకపై తీపి చచ్చినంత మాత్రాన నెత్తుటిలో చక్కెర తగ్గినట్లు కాదు.

పైగా ఆకు బలం నేలనుబట్టి, ఋతువునుబట్టి, ఎండబెట్టిన తీరునుబట్టి మారుతుంది. మాత్రకు వలె దానికి తూకం లేదు. అందుచేత ఆకును నమ్మి మాత్ర మానడం అపాయం. మొదటి రకం మధుమేహులు ఇన్సులిన్ మానితే ప్రాణాపాయమే. వైద్యునికి చెప్పకుండా రెండూ కలిపి వాడితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. తెలివిలో వున్నవారికి వెంటనే పంచదార నీళ్లు త్రాగించాలి. పొడపత్రి నమిలిన నోటికి ఆ తీపి తెలియకపోయినా సరే, త్రాగించవలసినదే.