గుడివాడని ఉర్దూలో ఎలా రాస్తారు?

మొన్న సరదాగా అరబీ అక్షరాలతో మన ఊరి పేరు రాద్దామని కూర్చున్నా. కుదర్లేదు. అరబీకి ఉన్నవి 28 అక్షరాలు, వాటిలో మన గ లేదు, మన డ లేదు. అదే ఉర్దూలో అయితే హాయిగా వచ్చేసింది. గ కోసం "గాఫ్" ఫారసీ వాళ్లు చేర్చారు. డ కోసం "డాల్" మన దేశంలోనే తయారైంది, ద అక్షరం మీద చిన్న గుర్తు పెట్టి. లిపి అరబీది కాబట్టి భాష కూడా అక్కణ్ణుంచే దిగింది అనుకునేవాళ్లకి ఈ ఒక్క అక్షరం చూపిస్తే చాలు.

సరే, చట్టంలో దీని స్థానం ఏంటి? రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో 22 భాషలున్నాయి. ఉర్దూ, కశ్మీరీ, సింధీ వాటిలో ఉన్నాయి. కానీ షెడ్యూల్‌లో ఉండటం వేరు, అధికార భాష కావటం వేరు. సింధీ షెడ్యూల్‌లో ఉంది, మన దేశంలో ఏ రాష్ట్రానికీ అధికార భాష కాదు. కశ్మీరీకి జమ్మూకశ్మీర్‌లో ఆ హోదా వచ్చింది 2020లో! ఉర్దూ మన దగ్గర చాలాకాలం కొన్ని జిల్లాల వరకే రెండో అధికార భాష. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికీ చేశాయి.

తమాషా ఏంటంటే, బందరు గోల్కొండ వాళ్ల రేవుగా ఉన్న రోజుల్లో దర్బారు భాష ఫారసీ. అర్జీ, దస్తావేజు, రసీదు, జిల్లా, తహసీల్దార్... ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. మనం తెలుగులో అర్జీ రాస్తున్నామంటాం, అర్జీ అన్న మాటే తెలుగు కాదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రికార్డుల సైట్‌కి సెర్చ్ రాశా. ఉర్దూలో హుసేన్ అని కొడితే "రికార్డు లేదు" అంటోంది. రికార్డు ఉంది! అరబీ "యే", ఉర్దూ "యే" మాట మధ్యలో వస్తే కంటికి ఒకేలా ఉంటాయి, యూనికోడ్‌లో మాత్రం వేర్వేరు నంబర్లు. ఎక్కించినవాళ్లు ఒకటి కొట్టారు, వెతికినవాళ్లు ఇంకోటి. నేను టెస్ట్ చేసింది తెలుగు, ఇంగ్లీషే. ఆ రెండు "యే"లనీ ఒకటిగా చూడమని రాయటానికి ఒక్క పూట పట్టింది. ఎవరో వచ్చి అడిగేదాకా నాకు తట్టలేదు.