ముందు ఎవరిని పిలవాలి: కట్టేవాళ్ళనా, వాడేవాళ్ళనా?

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల పాఠం ఇది. వినే వీలు లేనివాళ్ళు చదువుకోవచ్చు.)

 సస్కటూన్ నుంచి మాట్లాడుతున్నాను. నైట్ షిఫ్ట్‌లో వింటున్నవాళ్ళకి, బస్సులో వింటున్నవాళ్ళకి, గల్ఫ్‌లో సెలవు రోజు తీరిగ్గా వింటున్నవాళ్ళకి, అందరికీ.

ఈసారి విషయం బ్లాక్‌చెయిన్. కంగారు పడకండి, ఏ కాయినూ కొనమని చెప్పను. ఇక్కడ మన కుర్రాళ్ళు ఇద్దరు చీటీల లెక్క రాసుకోవడానికి ఒక చిన్న ప్లాట్‌ఫామ్ కడుతున్నారు. ఎవరు ఎంత కట్టారు, ఏ నెల ఎవరు పాడుకున్నారు, ఎంతకి పాడుకున్నారు, ఇవన్నీ ఒకసారి రాశాక ఎవరూ చెరపలేని పుస్తకం అన్నమాట. వాళ్ళు నన్ను అడిగారు: "అన్నా, దాచుకున్న డబ్బు కొంచెం ఉంది. దీంతో డెవలపర్లని రప్పించాలా, యూజర్లని రప్పించాలా?" డెవలపర్లకైతే పోటీలు పెట్టి బహుమతులివ్వాలి. యూజర్లకైతే చేరినందుకు ఇంత, ఇంకొకరిని చేర్పిస్తే ఇంత అని ఇవ్వాలి. నేను వాళ్ళకి చెప్పినదే మీకూ చెబుతాను. ఎందుకంటే ఆ "ఇంకొకరిని చేర్పిస్తే ఇంత" అనే మెసేజ్ చివరికి వచ్చేది మన ఫోన్లకే.

మొదట డెవలపర్ల దారి చూద్దాం. దీనికి పెద్ద ఉదాహరణ ఎథీరియం. దాన్ని ఊహించిన విటాలిక్ బుటెరిన్ ఆరేళ్ళ వయసులో రష్యా నుంచి కెనడా వచ్చిన వలస కుటుంబం పిల్లవాడు. టొరంటోలో పెరిగాడు. 2013 చివర్లో తన ఆలోచనని కాగితం మీద పెట్టాడు. 2015 జూలై 30న నెట్‌వర్క్ మొదలైంది. అప్పుడు మామూలు మనిషికి అందులో చేసే పని దాదాపు ఏమీ లేదు. అది పిలిచింది ప్రోగ్రాం రాసేవాళ్ళని: "మీరు సొంతంగా చెయిన్ కట్టుకోనక్కరలేదు, మా దాని మీద మీ ప్రోగ్రాం పెట్టుకోండి" అని. అదే ఏడాది నవంబర్‌లో ఈఆర్‌సీ-20 అనే పద్ధతిని ప్రతిపాదించారు. టోకెన్ ఎవరు తయారు చేసినా ఒకే రూపంలో ఉంటుంది కాబట్టి ఒకరు చేసిన వాలెట్‌లో ఇంకొకరి టోకెన్ పనిచేస్తుంది. అంటే ఒకడి పని ఇంకొకడికి మెట్టు అయింది. డెవలపర్లు అక్కడ నిలబడడానికి బహుమతుల కంటే ఇది పెద్ద కారణం అని నా లెక్క.

మరి యూజర్లు? 2017 నవంబర్ చివర్లో వచ్చారు, అదీ కెనడా వల్లే. వాంకూవర్‌లోని ఒక స్టూడియో క్రిప్టోకిట్టీస్ అని పిల్లిబొమ్మల ఆట పెట్టింది. జనం ఎగబడ్డారు. కొద్ది రోజుల్లోనే ఎథీరియం నెట్‌వర్క్ కిక్కిరిసిపోయింది, ఫీజులు పెరిగాయి, పిల్లిబొమ్మతో సంబంధం లేనివాళ్ళ లావాదేవీలు కూడా ఆగిపోయాయి. ఆ ఆట చేసినవాళ్ళు తర్వాత ఫ్లో అని తమ సొంత చెయినే కట్టుకున్నారు. డెవలపర్లు ముందొస్తే యూజర్లు వస్తారు, నిజమే. కానీ వచ్చిన రోజున వాళ్ళకి చోటుండాలి.

డబ్బు పోస్తే డెవలపర్లు వస్తారా? ఈఓఎస్ అనే ప్లాట్‌ఫామ్ కోసం బ్లాక్.వన్ అనే కంపెనీ 2017 జూన్ నుంచి 2018 జూన్ దాకా టోకెన్లు అమ్మి దాదాపు 400 కోట్ల డాలర్లు పోగు చేసింది. ఎథీరియంని దాటేస్తుందని అప్పట్లో ఎన్ని మాటలు! దాటలేదు. 2021 చివరికి ఆ నెట్‌వర్క్‌ని నడిపేవాళ్ళే కంపెనీకి రావలసిన టోకెన్లు ఆపేశారు. డబ్బుకి కొదవ లేని చోట కూడా నమ్మకం పోయాక ఏదీ నిలవలేదు.

ఇప్పుడు యూజర్ల దారి. ఇది మనలాంటివాళ్ళకి దగ్గరి కథ. వియత్నాంలో తయారైన యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆట 2021లో ఫిలిప్పీన్స్‌ని ఊపేసింది. లాక్‌డౌన్‌లో పనుల్లేవు, ఆడితే టోకెన్లొస్తాయి, అమ్మితే ఇంట్లో బియ్యం వస్తాయి. అప్పట్లో ఆట మొదలుపెట్టాలంటే మూడు బొమ్మలు కొనాల్సి వచ్చేది. కొనలేనివాళ్ళు ఇంకొకరి బొమ్మలు తీసుకుని ఆడి, వచ్చినదాంట్లో వాటా ఇచ్చేవాళ్ళు. అచ్చం మన కౌలు పద్ధతే. అయితే పాతవాళ్ళ సంపాదన ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కువగా కొత్తగా చేరేవాళ్ళు పెట్టే డబ్బు నుంచి. చేరేవాళ్ళు తగ్గగానే టోకెన్ ధర కూలిపోయింది. 2022 మార్చిలో దాని రోనిన్ నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకి పైగా విలువైన క్రిప్టోని దొంగలు ఎత్తుకుపోయారు. డబ్బు కోసం వచ్చిన యూజర్ డబ్బు ఆగిన రోజు వెళ్ళిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు, పిలిచిందే అలా పిలిచారు.

ఇంకో దారి ఉంది, అది సర్కారు దారి. తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ చిట్‌ఫండ్ కంపెనీల లెక్కల కోసం టీ-చిట్స్ అని బ్లాక్‌చెయిన్ ఏర్పాటు తెచ్చింది. దాన్ని కట్టింది హైదరాబాద్ కంపెనీ చిట్‌మాంక్స్. అక్కడ యూజర్లని బతిమాలే పని లేదు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, కాబట్టి కంపెనీలు ఎలాగూ ఆ శాఖ గుమ్మం తొక్కాల్సిందే. మన కుర్రాళ్ళకి ఆ బలం లేదు.

అయితే బలం లేనివాళ్ళు ఎలా మొదలుపెట్టాలి? దీనికి జవాబు మన సస్కాచెవాన్‌లోనే ఉంది, కంప్యూటర్లు పుట్టకముందు. ఊరు దాటి వెళ్తే రైలు పట్టాల పక్కన అక్కడక్కడా ఎత్తైన పాత చెక్క గోదాములు కనిపిస్తాయి కదా, ధాన్యం ఎలివేటర్లు. 1923లో ఆరన్ సపీరో అనే లాయర్ సస్కటూన్ వచ్చి రైతుల సభలో మాట్లాడాడు. తర్వాత రైతులు ఊరూరా తిరిగి ఒప్పందాలు రాయించారు. ఐదేళ్ళ పాటు నా గోధుమలు పూల్‌కే ఇస్తాను అని సంతకం. రాష్ట్రంలో గోధుమ సాగులో సగం భూమి ఒప్పందంలోకి రావాలన్నది షరతు. 1924లో ఆ లెక్క కుదిరాకే సస్కాచెవాన్ వీట్ పూల్ పని మొదలుపెట్టింది. 1926లో ఇంకో సహకార సంస్థ ఎలివేటర్లని కొనేసింది. అంటే ముందు వాడేవాళ్ళు, తర్వాత గోదాములు. 1929 తర్వాత ధరలు పడిపోయాయి. రైతులకి ముందే ఇచ్చిన డబ్బు కంటే గోధుమల విలువ తక్కువైంది. పూల్ అప్పులపాలైంది, ఆ అప్పు తీర్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. అయినా పూల్ నిలిచింది. బోనస్ కోసం చేరినవాళ్ళయితే మొదటి నష్టానికే చెదిరిపోయేవాళ్ళు.

అందుకే కుర్రాళ్ళకి ఒకటే చెప్పాను: "తమ్ముడూ, ఇరవై మందితో ఒక్క చీటీ నడపండి. ఇరవై నెలలూ నడపండి. ఒకడు కట్టకపోతే ఏం చేస్తారో, ఒకడు వేరే ఊరు వెళ్ళిపోతే ఏం చేస్తారో ముందే రాసుకోండి." పుస్తకం చెరపలేనిది అయినంత మాత్రాన కట్టనివాడు కడతాడా? బాకీ ఉన్నాడని నిక్కచ్చిగా చూపిస్తుంది, అంతే. వసూలు చేయాల్సింది మనిషే. ఆ ఇరవై మందీ రెండో చీటీకి తిరిగొస్తే అప్పుడు డెవలపర్లని పిలవండి. వాళ్ళకి చూపించడానికి అప్పుడు మీ దగ్గర నిజమైన సమస్యలుంటాయి. ఒకడు తెలుగులో గుర్తుచేసే ఏర్పాటు రాస్తాడు, ఇంకొకడు రసీదుల పని చూస్తాడు. పెద్దవాడు కొంచెం మొహం చిన్నబుచ్చుకున్నాడు. చేరినవాళ్ళకి బోనస్ ఇవ్వడం మాత్రం మానేశారు.

ఇక వింటున్న మనందరికీ. ఎవరైనా కొత్త ప్లాట్‌ఫామ్‌లో చేరమని లింక్ పంపితే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, నాకొచ్చే లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? కొత్తగా చేరేవాడి జేబులోంచే అయితే ఆగిపోండి. రెండు, రేపు కొత్తవాళ్ళెవరూ చేరకపోయినా ఇది నాకు పనికొస్తుందా? మూడు, ఈ డబ్బు మా ఇంటి గుమ్మం దాకా ఎలా చేరుతుంది? ఫీజు తక్కువని టోకెన్ పంపుతాం. కరీంనగర్‌లో అమ్మ దాన్ని రూపాయలుగా మార్చుకోవాలి కదా. ఎక్స్‌చేంజిలో ఖాతా, కేవైసీ, 2022 నుంచి ఇండియాలో అమ్మకం మీద 1 శాతం టీడీఎస్, లాభం మీద 30 శాతం పన్ను. ఇవన్నీ కలిపి లెక్కేయండి.

కెనడాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. క్రిప్టోతో డబ్బు వ్యాపారం చేసేవాళ్ళు 2020 జూన్ నుంచి ఫిన్‌ట్రాక్‌లో నమోదు చేసుకోవాలి. ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. నమోదు ఉన్నంత మాత్రాన మంచివాళ్ళని కాదు, కానీ ఉండాల్సినవాళ్ళు లేకపోతే అక్కడితో మాట ముగించండి. మన రాష్ట్రంలో ఆర్థిక, వినియోగదారుల వ్యవహారాల సంస్థ మోసాల మీద హెచ్చరికలు కూడా పెడుతుంటుంది.

మీ ఊళ్ళో, మీ క్యాంపులో ఇలాంటి చీటీ నడుస్తుంటే, ఒకరు కట్టకపోయినప్పుడు మీరేం చేశారో వాయిస్ మెసేజ్ పంపండి. పేర్లు వద్దు, జరిగింది చాలు. కుర్రాళ్ళకి వినిపిస్తాను. ఉంటాను మరి. చలి ముదురుతోంది, జాగ్రత్త.