ఎదిగే మోకాళ్లు, గేర్ల సైకిలు



తెల్లవారుజామున విశాఖ బీచి రోడ్డు మీద నిలబడి చూడండి. నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని, వంకీ హ్యాండిలు మీదకి ఒరిగి, భీమిలి వైపు దూసుకుపోయే పిల్లలు కనిపిస్తారు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌర విద్యుత్ పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసిన తర్వాత అక్కడా అంతే. మగపిల్లలే కాదు, ఆడపిల్లలూ పందేలకి తయారవుతున్నారు. సంతోషమే. కాని గేర్ల మాట వచ్చేసరికి, "అదంతా షాపతనికీ, వాళ్ల నాన్నగారికీ తెలుసు లెండి" అంటూ మనం వంటింట్లోకి తప్పుకుంటాం. అలా తప్పుకోకండి. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. భాగహారం వస్తే చాలు.

పెడల్ దగ్గర పెద్ద పళ్లచక్రాలు రెండుంటాయి. వెనక చక్రానికి చిన్నవి పదో పదకొండో పక్కపక్కనే పేర్చి ఉంటాయి. ముందుదాని పళ్లని వెనకదాని పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక్క చుట్టు తిరిగేలోపు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ముందు 34, వెనక 17 అనుకోండి. రెండు చుట్లన్నమాట. రోడ్డు సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు గనక, పెడల్ ఒక్క చుట్టుకి సైకిలు 4.2 మీటర్లు పోతుంది. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి దాదాపు 23 కిలోమీటర్ల వేగం. కొత్తగా మొదలుపెట్టిన పిల్లకి ఇంకేం కావాలి?

అదే ముందు 50, వెనక 11 వేశారనుకోండి. ఒక్క చుట్టుకి తొమ్మిదిన్నర మీటర్లు. అదే 23 వేగానికి నిమిషానికి 40 చుట్లు చాలు. చాలు అన్నాను గదా అని హాయి అనుకునేరు! చుట్టు చుట్టుకీ రెండింతలకి పైగా బలం పెట్టి తొక్కాలి. నూతి నీళ్లు తోడిన వాళ్లకి ఈ సంగతి చెప్పనక్కరలేదు. చిన్న చేదతో పదిసార్లు తోడినా, పెద్ద బిందెతో నాలుగుసార్లు తోడినా తొట్టి నిండుతుంది. నడుము సంగతే వేరు. సైకిలు మీద ఆ బరువు మోకాలి మీద పడుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఎముకలింకా పెరుగుతూనే ఉంటాయి. మోకాటి చిప్పకి కాస్త కిందుగా, తొడ కండరం లాగే చోట ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. అక్కడ లాగి లాగి నొప్పి, వాపు వస్తాయి.

"పెద్ద గేరులో తొక్కితే కాళ్లకి బలం వస్తుందండీ" అని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ 50–11 గేరుని సరైన వడితో తొక్కితే వేగం గంటకి 50 కిలోమీటర్లు దాటుతుంది. పదిహేనేళ్ల పిల్ల చదును రోడ్డు మీద ఆ వేగంతో ఎంతసేపు పోగలదు చెప్పండి? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా 17, 18 ఏళ్ల జూనియర్లకి రోడ్డు పందేలలో పెడల్ ఒక్క చుట్టుకి 7.93 మీటర్లు మించకూడదని 2022 దాకా నియమం పెట్టింది. 2023 నుంచి తీసేసింది. నియమం తీసేస్తే తీసేశారు, పిల్లల మోకాళ్లు మటుకు ఎప్పటివే గదా!

కాబట్టి షాపులో పెద్ద గేరు ఎంత అని కాక, అన్నిటికంటే తేలిక గేరు ఎంత అని అడగండి. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక అన్నిటికంటే పెద్దదానికి 32 గాని 34 గాని పళ్లు ఉంటే కైలాసగిరి వంటి ఎత్తు కూడా పిల్ల సీటు మీద కూర్చునే ఎక్కగలుగుతుంది. సైకిలు ఇదివరకే కొనేసి ఉంటే వెనక పళ్లచక్రాల సెట్టు ఒక్కటీ మార్పించవచ్చు. చైనుని పక్కకి జరిపే పరికరం ఎన్ని పళ్ల దాకా పడుతుందో అడిగి మరీ మార్పించండి. చైను పొడవు సరిపోతుందో లేదో కూడా చూడమనండి.

ఇంకొక మాట. స్కూలు యూనిఫారానికి లోపల మడత పెట్టి కుట్టించినట్టు, వచ్చే ఏడాదికి ఎదుగుతుంది లెమ్మని పెద్ద ఫ్రేము కొనకండి. హ్యాండిలు అందక నడుము పట్టేస్తుంది. సీటు ఎత్తు ఇంట్లోనే చూసుకోవచ్చు. పిల్లని గోడ వారగా సైకిలెక్కించి, పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనించమనండి. కాలు సరిగ్గా చాపుగా రావాలి. తొక్కేటప్పుడు ముంగాలు ఆనిస్తుంది గనక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఎదిగే పిల్లలకి ఇది రెండు మూడు నెలలకోసారి చూడాలి. మోకాలి ముందు నొప్పి అంటే సాధారణంగా సీటు పల్లమైనా అయి ఉండాలి, గేరు బరువైనా అయి ఉండాలి. వెనకవైపు నొప్పి అంటే సీటు ఎత్తు ఎక్కువై ఉంటుంది.

మా ఎదురింటి అమ్మాయి నెలల తరబడి మోకాటి నొప్పి దాచుకుంది. రాత్రిళ్లు చాటుగా మందు రాసుకునేదిట. ఎందుకమ్మా అంటే, "చెబితే అమ్మ సైకిలు మానిపించేస్తుంది అత్తయ్యా" అంది. నొప్పి అనగానే "మానెయ్" అనే అలవాటు మనకుంది చూశారూ, పిల్లల నోరు నొక్కేసేది అదే. నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చి, సీటు సరిచేసి, తేలిక గేరులో పంపి చూడండి. వాపు ఉన్నా, కుంటుతున్నా, రాత్రి నొప్పితో నిద్ర లేస్తున్నా ఎముకల డాక్టరుకి చూపించాలి.

సాధన ఎంత చేయాలంటారా? వారానికి నాలుగు రోజులు చాలు. అందులో ఒకరోజు ఎత్తు రోడ్డు, ఆదివారం కాస్త దూరం, మిగిలిన రెండు రోజులూ పక్కవాళ్లతో కబుర్లాడుతూ పోగలిగినంత నెమ్మదిగా. దూరం వారం వారం కొద్దికొద్దిగానే పెంచాలి. వడి ఎలా ఉందో మేడ మీంచి మీరే లెక్కపెట్టవచ్చు. ఒక మోకాలు పైకి వచ్చినప్పుడల్లా ఒకటి. పదిహేను సెకన్లలో 20 నుంచి 22 దాకా వస్తే సరి. పది, పన్నెండు దగ్గరే ఆగితే గేరు బరువన్నమాట.

ఖాళీ కడుపుతో పంపకండి. బయలుదేరే ముందు ఒక అరటిపండు, గంట దాటితే దారిలో మరొకటి, సీసాలో ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్లు. రాగానే టిఫిను పెట్టండి. పప్పు, పెరుగు, తినేవాళ్లయితే గుడ్డు రోజూ ఉండాలి. ఒళ్లు తేలికైతే ఎత్తు బాగా ఎక్కవచ్చని ఆడపిల్లలు అన్నం మానేస్తున్నారు. ఇది గేరు కంటే ప్రమాదం. తిండి చాలక తొక్కుడు ఎక్కువైతే నెలసరి తప్పుతుంది, ఎముకల బలం తగ్గుతుంది. అంతకుముందు సక్రమంగా వచ్చే పిల్లకి మూడు నెలలు వరసగా రాకపోతే, "ఆటల్లో ఇది మామూలే" అని ఎవరన్నా వినకండి. డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లండి. వెళ్లినప్పుడు, వారానికి ఎన్ని కిలోమీటర్లు తొక్కుతోందో, ఇంట్లో ఏం తింటోందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. అడిగితే గాని అమ్మాయిలు ఆ రెండూ చెప్పరు.