శ్రీకాళహస్తి వ్రాతపని: వన్నెలు పుట్టు విధము



శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాడు ఎరుపు కావలసిన చోట ఎరుపు పూయడు. అతడు కలముతో పూయునది పటికనీరు. దానికి వన్నె లేదు. ఎచ్చట పూసినదియు గుర్తు తెలియుటకై కొందరు అందులో ఏ కొంచెమో రంగు కలుపుదురు గాని, అది కడుగగా పోవునదే. ఒకటి రెండు దినములు ఆరనిచ్చి, గుడ్డను పారునీటిలో జాడించి, రాగికాగులో చిరివేరు, మంజిష్ఠ మొదలగువానితో కలిపి మరిగించినపుడు పటిక తాకిన చోటు మాత్రమే ఎర్రబడి నిలుచును. తక్కిన భాగమునకు పట్టిన మరక పిదప ఉతుకులలో విడిచిపోవును. అనగా బొమ్మలోని యెరుపంతయు కాగులో దిగువరకు పనివాని మనస్సునందే యుండవలెను. పటికనీరు ఒక చుక్క జారి సీతాదేవి చెక్కిలిపై పడినచో, ఆ సంగతి గుడ్డ కాగునుండి పైకి వచ్చువరకు తెలియదు. తెలిసిన పిదప దిద్దుటకు వీలు లేదు.

ఈ విద్యకు కలంకారీ యను పేరు పారసీక భాషనుండి వచ్చినది. మన ప్రాంతమున దీనిని వ్రాతపని యనుటయు కలదు. ఆ మాటయే దీనికి తగియున్నది. మచిలీపట్నమునందును పెడనయందును చెక్కిన అచ్చులతో అద్దుదురు. గోల్కొండ ప్రభువుల ఆదరమువలనను పారసీక వర్తకమువలనను అచ్చట తీగలు, పూవులు ప్రబలినవి. శ్రీకాళహస్తిలో అచ్చు లేదు. ఆలయములకు తెరలు, చాందినీలు, రథములకు పటములు కావలసివచ్చుటచే అచ్చట కలమే ప్రధానమైనది. నడుమ పెద్ద పటము, చుట్టును వరుసగా చిన్న చిన్న గడులు, గడి గడికి రామాయణములోనిదో భారతములోనిదో ఒక ఘట్టము, పెక్కింటికి అడుగున తెలుగు లిపిలో ఆ కథ చెప్పు పంక్తి ఉండును. చదువురానివాడు బొమ్మ చూచును, చదువు వచ్చినవాడు పంక్తి చదువును. గ్రంథాలయములు లేని కాలమున గ్రామస్థులు ఇతిహాసములను చూచి చదువుకొన్న పుటలు ఇవియే.

పని ముడిగుడ్డతో ఆరంభమగును. గంజి పోవునట్లు ఉతికి, పేడ కలిపిన నీటిలో నానబెట్టి, ఎండలో ఆరవేసి తెల్లపరుతురు. తరువాత కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టుదురు. ఈ రెండిటిలో ఏది లోపించినను బొమ్మ నిలువదు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకొని, రాబోవు రంగునకు పట్టు కల్పించును. పాలలోని క్రొవ్వు కలమునుండి దిగిన ద్రవమును ప్రక్కలకు ప్రాకనీయక గీతను సన్నముగా నిలుపును. క్రొత్త కలంకారీ గుడ్డకు పట్టియుండు వాసన యీ పాలదే. పట్టణమున కొనువారు కొందరు దానికి ముక్కు ముడుతురు. ఎరిగినవారు దానికొరకే మూర్కొందురు!

చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో మొదట రూపమును గీసి, పిదప కలము పట్టుదురు. కలమనగా మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కొంచెము పైగా ఉన్నియో గుడ్డపేలికయో చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్టే రంగును పీల్చుకొని దాచును. వ్రేళ్లతో దానిని నొక్కు మేరనుబట్టి గీత లావగును, సన్నమగును. నలుపునకై పాత యినుపముక్కలు, బెల్లము నీటిలో వేసి రెండు మూడు వారములు పులియబెట్టుదురు. దీనిని కసిమి యందురు. ఇది కుండలో నుండగా అంత నలుపు కాదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకినపుడు ఇనుమును వగరును కలిసి కాటుకవలె నల్లబడును. కాని యిందొక ముల్లు కలదు. ఆ యినుమే కాలక్రమమున నూలును తినివేయును. వస్తుప్రదర్శనశాలలలో దాచిన ప్రాచీన కలంకారీ పటములలో మొదట చిల్లులు పడునది నల్లగీతయే. బొమ్మకు ప్రాణము పోసినదే దానికి మృత్యువగుట విచిత్రము.

పసుపువన్నె కరక్కాయపూవునుండియు మామిడి బెరడునుండియు వచ్చును. నీలిమందు నీటిలో కరగదు గనుక దానికి వేరు సంస్కారము కావలెను. పూర్వము నీలి తాకకూడని భాగములను మైనముతో కప్పి, గుడ్డనంతను తొట్టిలో ముంచెడివారు. నీలిపై పసుపు వేయగా ఆకుపచ్చ యగును. వన్నె వన్నెకు నడుమ ఉతుకుట, ఆరవేయుట. ఇవన్నియు చేరి పదునేడు మెట్లని శ్రీకాళహస్తివారి లెక్క. నీరు ఉప్పనిదైనను, ఎండ చాలకున్నను, ఒకే కాగులోని ఎరుపు ఒకనాడు గాఢముగాను మరునాడు వెలవెలబోయియు వచ్చును. స్వర్ణముఖీతీరమున ఈ పని నిలుచుటకు దేవాలయమెంత కారణమో పారునీరును ఇసుకయు అంత కారణము. ఏటిలో నీరు లేని నెలలలో పనివారి కష్టము చెప్పనలవి కాదు.

ఇట్టి వన్నెలకొరకే ఐరోపా వర్తకులు కోరమండల తీరమునకు వచ్చిరి. కృష్ణాముఖద్వారమున దొరకు చిరివేరు శ్రేష్ఠమని 17వ శతాబ్దమునందలి ఆంగ్లవర్తకుల వ్రాతలు చెప్పుచున్నవి. మన అద్దకపు బట్టల ధాటికి తాళలేక ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1721లోను తమ నేతగాండ్ర రక్షణకై వానిని నిషేధించినవి. 1742లో కేర్దూ అను ఫ్రెంచి మతాచార్యుడు ఈ పద్ధతులను పనివారివలన తెలిసికొని స్వదేశమునకు లేఖ వ్రాసి పంపెను. శాసనములును లేఖలును చేయలేనిదానిని రసాయనశాల చేసినది. చిరివేరునకు ఎరుపునిచ్చు ఆలిజరిన్ అను పదార్థమును 1868లో జర్మను శాస్త్రజ్ఞులు కృత్రిమముగా సృష్టించిరి; 1897లో కృత్రిమ నీలి అంగడి కెక్కినది. చిరివేరు త్రవ్వి బ్రదికినవారికి పనిలేకపోయినది.

స్వాతంత్ర్యము వచ్చునాటికి శ్రీకాళహస్తిలో ఈ విద్య నెరిగినవారు కొలదిమందియే. 1950-60 దశకమున శ్రీమతి కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో అఖిల భారత హస్తకళామండలి అచ్చట శిక్షణకేంద్రమును నెలకొల్పుటవలన అది క్రొత్తవారికి చేరినది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు ఈ విద్యను నిలిపిన పెద్దలలో ఒకరు. వారి కుమారులు గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ పురస్కారము లభించినది. కొందరికే తెలిసిన విద్యను ఊరి విద్యగా చేయుట బిరుదులకంటె పెద్దపని.

ఇక సూదిపని. మగ్గపు వెడల్పు మించిన తెర కావలసినపుడు గుడ్డలను జతపరచి కుట్టక తప్పదు. కుట్టు వీరుని ముఖముపై పడకుండ, వస్త్రపు మడతలోనో చెట్టుమానులోనో దాగునట్లు బొమ్మను కూర్చుట నేర్పరి లక్షణము. నేడు స్త్రీలు పెక్కుమంది కలంకారీ బొమ్మలను కత్తిరించి చీరలపై అతికి కుట్టుచున్నారు. గీతవెంబడి సన్నని కుట్టును పరచుచున్నారు. ఇది కలమునకు అపచారమని కొందరు పెద్దలు గొణుగుదురు. ఆ గొణుగుడు న్యాయము కాదు. చినిగిన ముక్కనుగూడ పారవేయక దానికి మరియొక బ్రదుకునిచ్చు పని అపచార మెట్లగును? కాని దారమును ముందుగా తడిపి ఆర్చి వాడవలెను. లేనిచో మొదటి ఉతుకులోనే అది కుంచించుకొని బొమ్మను ముడతలు పరచును. రంగు విడుచు దారమైనచో పదునేడు మెట్ల శ్రమ ఒక్క తొట్టిలో కలియును.

శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను యంత్రముపై గంటకు వందల గజములు అచ్చైన గుడ్డ అదే పేరుతో అంగడిలో అమ్ముడుపోవుచున్నది. వారములకొలది వంగి గీచినవాడు ఆ ధరతో పోటీ పడలేడు. అతని బిడ్డలు కలము పట్టుటకు వెనుదీయుటలో వింత లేదు. కొనువారు చేయగలిగిన పరీక్ష కొంత కలదు. ఒకే పూవు రెండు చోట్ల నున్నచో రెండిటిని ప్రక్కప్రక్కన చూడవలెను. చేతి గీతయైనచో అవి అచ్చుగుద్దినట్లుండవు. గుడ్డను త్రిప్పి వెనుక చూడవలెను. పైపూతగా అంటించిన యంత్రపురంగు వెనుకకు అంతగా దిగదు. కాగులో ఉడికిన యెరుపు నూలు లోనికి దిగియుండును. అప్పటికిని సందేహము తీరనిచో ముక్కు దగ్గర పెట్టి చూడవచ్చును.