కంప్యూటర్లో ఏమేమున్నాయి? ప్యాకేజీల జాబితాను చదవడం



ఖరగ్‌పూర్ స్టేషన్లో గూడ్సు బండి ఆగినప్పుడు వ్యాగన్ పక్కన రాసి ఉండే 11 అంకెల సంఖ్యను మీరు చూసే ఉంటారు. మొదటి రెండంకెలు వ్యాగన్ రకాన్ని, తర్వాతి రెండు అది ఏ రైల్వేకి చెందిందో, ఆపై రెండు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. తర్వాతి నాలుగూ ఆ వ్యాగన్ సొంత సంఖ్య. చివరి అంకె, ముందున్న పదింటినీ సరిగా రాసుకున్నామో లేదో తేల్చుకోవడానికి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాల పిల్లలకు దీన్ని నాకంటే ఇంట్లో పెద్దలే బాగా చెప్పగలరు.

కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇలాంటి గుర్తింపు ఉంటుంది. లినక్స్ వ్యవస్థల్లో ప్రతి ప్రోగ్రామునూ ఒక ప్యాకేజీగా కట్టి ఇస్తారు. అందులో ప్రోగ్రాముతో పాటు దాని పేరు, వెర్షను, పనిచేయడానికి ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలో తెలిపే వివరాలు ఉంటాయి. ప్యాకేజీలను దించి, అమర్చి, తీసివేసే ప్రోగ్రామును ప్యాకేజీ మేనేజరు అంటాం. 1993లో మొదలైన డెబియన్‌లో, దానిమీద ఆధారపడిన ఉబుంటులో, మన దేశంలో సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో ఈ పని చేసేది డీపీకేజీ. దాని పైన ఉండి, కావలసినవన్నీ వెతికి తెచ్చేది ఆప్ట్.

ఇక జాబితా అడుగుదాం. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. టెర్మినల్ తెరిచి డీపీకేజీ అని రాసి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని చిన్న ఎల్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. వందల కొద్దీ, ఒక్కోసారి వేల వరుసలు వస్తాయి. కంగారు పడకండి. ఈ ఆదేశం చదవడమే తప్ప దేన్నీ మార్చదు. అందుకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు కూడా అడగదు. కంప్యూటర్ తన డిస్కునంతా గాలించి దీన్ని తయారుచేస్తోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్యాకేజీ పెట్టినప్పుడూ తీసినప్పుడూ డీపీకేజీ ఒక స్టేటస్ ఫైలులో నమోదు చేసుకుంటుంది. మనం చూసేది ఆ చిట్టానే. ఈ తేడా కాసేపట్లో అవసరమవుతుంది.

ప్రతి వరుసలో ఐదు భాగాలున్నాయి. చివరి నాలుగూ పేరు, వెర్షను, ఏ రకం ప్రాసెసరుకు తయారైంది, క్లుప్త వివరణ. మొదటి భాగంలోని రెండక్షరాలను ఎవరూ పట్టించుకోరు గాని, అసలు సంగతి అక్కడే ఉంది. మొదటి అక్షరం మనం కోరుకున్నది, రెండవది వాస్తవంగా ఉన్నది. ‘ఐఐ’ అంటే ఉండాలన్నాం, ఉంది. ‘ఆర్‌సీ’ అంటే తీసెయ్యమన్నాం, ప్రోగ్రాము పోయింది, దాని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు మాత్రం మిగిలాయి. వరుస కనబడింది కదా అని ప్రోగ్రాము ఉన్నట్టు లెక్కగట్టకూడదు. ఉన్నవాటినే చూడాలంటే ‘ఆప్ట్ లిస్ట్’ తర్వాత రెండు మైనస్ గుర్తులు పెట్టి ‘ఇన్‌స్టాల్డ్’ అనండి. ఇందులో కొన్నిటి పక్కన ‘ఆటోమేటిక్’ అని ఉంటుంది. అవి మనం అడిగినవి కావు, వేరే ప్యాకేజీకి అవసరమై వచ్చినవి.

అంత జాబితాలో కావలసినదాన్ని పట్టుకోవడం ఎలా? మన ఊరి అవసరమే తీసుకుందాం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషమే. కాని ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు అర్జీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలే కనబడతాయి. అప్పుడు డీపీకేజీ జాబితాను నిలువు గీత గుర్తుతో ‘గ్రెప్’ అనే ఆదేశానికి పంపి, ‘టెలు’ అనే నాలుగక్షరాలు ఉన్న వరుసలే చూపమనాలి. డెబియన్‌లో ‘ఫాంట్స్-లోహిత్-టెలు’, ‘ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా’ అనే ప్యాకేజీలున్నాయి. రెండవదానిలో తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. వరుసలేవీ రాకపోతే జబ్బు తెలిసినట్టే. ఫైలు చెడిపోయిందని పంపినవారిని తిట్టుకోనక్కర్లేదు.

ఫాంటు లేకపోతే ఒక పూట ఇబ్బంది. 2024 మార్చి 29న జరిగింది అంతకంటే పెద్దది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి అమర్చారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆ రోజు ప్రకటించారు. దూరపు కంప్యూటర్లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందెందుకని ఆరా తీస్తే బయటపడిందది! ఆ రాత్రి ప్రపంచమంతటా సర్వర్లు చూసేవారు మొదట వేసుకున్న ప్రశ్న ఒక్కటే: నా దగ్గర ఏ వెర్షను ఉంది? జవాబు ఈ జాబితాలోనే ఉంది. డెబియన్ స్థిర విడుదలలో ఉన్నది 5.4.1, కనుక అది వాడేవారు ఊపిరి పీల్చుకున్నారు. ప్రయోగ శాఖల్లోకి మాత్రం చెడ్డది వచ్చేసింది.

వెర్షనును చివరి అక్షరం దాకా చదవాలని కూడా ఆ సంఘటనే నేర్పుతుంది. మామూలుగా ప్యాకేజీ మేనేజరు పెద్ద వెర్షను నుంచి చిన్నదానికి దానంతట అది దిగదు. అందుకని డెబియన్ వారు పాతదాన్నే ‘5.6.1+రియల్లీ5.4.5’ అనే పేరుతో పంపారు. తోకను చూడనివారికి అది ప్రమాదకరమైనదే అనిపిస్తుంది! 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడూ అంతే. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వారు 1.0.1జీ లో సరిచేస్తే, డెబియన్ 7 వారు 1.0.1ఈ నే ఉంచి మరమ్మతును అందులోనే కలిపి, తోక మాత్రం మార్చారు.

ఇప్పుడు ఇందాకటి చిట్టా సంగతి. పైథాన్ ‘పిప్’తో తెచ్చుకున్నవి, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ ద్వారా వచ్చినవి, ఎవరో పెన్‌డ్రైవులో ఇస్తే కాపీ చేసుకున్నవి డీపీకేజీ చిట్టాలోకి ఎక్కవు. పిప్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్‌లకు వాటి ‘లిస్ట్’ ఆదేశాలు వేరుగా ఉన్నాయి. పెన్‌డ్రైవు సరుకుకు ఏ చిట్టా లేదు. అనుమానం వచ్చిన ఫైలు ఏ ప్యాకేజీదో తెలియాలంటే డీపీకేజీకి మైనస్, పెద్ద ఎస్, ఆ ఫైలు పూర్తి దారి ఇవ్వండి. ఏ ప్యాకేజీకీ చెందదని వస్తే, అదెలా వచ్చిందో విచారించండి.

ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో ‘ఆర్‌పీఎం’కు మైనస్ క్యూఏ జోడిస్తే ఇదే పని. విండోస్‌లో ‘వింగెట్ లిస్ట్’ ఉంది.

ఇంటి దగ్గర చేయవలసిన పని. ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ అనే ఆదేశంతో ఆటోమేటిక్ కానివాటి జాబితా వస్తుంది. దాన్ని ఒక ఫైలులోకి మళ్ళించి, తేదీ వేసి, వేరే చోట దాచండి. నెల తర్వాత మళ్ళీ తీసి, ‘డిఫ్’ ఆదేశంతో రెండింటినీ పోల్చి, కొత్తగా చేరిన ప్రతి పేరుకూ ఎదురుగా అది ఎందుకు వచ్చిందో నోటు పుస్తకంలో రాయండి. ప్యాకేజీలు ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడతాయో వచ్చే పాఠంలో చూద్దాం.