చూరు క్రింది గూడు

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:6-7, లేవీయకాండము 19:9-10

మంచు పట్టిన ఈ ఉదయాన నా మాటలు వింటున్న మీలో చాలామంది మరి కాసేపటిలో పెరట్లోకి వెళ్తారు. చలికాలము పెరటికి పనికాలము గదా. చిక్కుడు పాదుకు పేనుబంక పట్టి ఉంటుంది; ఆకులు మంచుతో తడిగా ఉన్నప్పుడే పొయ్యిలోని బూడిద చల్లాలి. మొక్కలకు నీళ్లు పొద్దుటి పూట పోయండి. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి. మామిడికి మాత్రము ఇప్పుడు నీళ్లు పెట్టకండి, తడి తగిలితే పూతకు బదులు చిగురు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయిన తరువాత పెట్టవచ్చును. రాలిన ఆకులను తగులబెట్టక ఒక గుంటలో వేస్తే ఎరువవుతుంది.

ఇక జామచెట్టు. వానాకాలపు కాయలో పురుగు ఎక్కువ. చలికాలపు కాయ గట్టిగా, తియ్యగా ఉంటుంది. ఈ సంగతి మనకంటె ముందుగా ఉడుతకు తెలుసు! మా పార్సనేజి ఆవరణలో రెండు జామచెట్లు ఉన్నాయి. వీపు మీద మూడు చారలున్న మన ఉడుతలు (ఉత్తరాదిలో ఐదు చారలవి ఉంటాయి) పొద్దు పొడవగానే గోడ మీదుగా వచ్చేస్తాయి. ఒక కాయను పూర్తిగా తింటే నాకు బాధ ఉండేది కాదు. నాలుగు కొరుకులు కొరికి క్రింద పడవేసి ఇంకొక కాయ మీదికి పోతాయి. కొత్తిమీర మడిని గోకిపోస్తాయి. చిక్కుడు గింజలు పాతితే తవ్వుకొని తింటాయి. చందా ఇచ్చేటప్పుడు ‘ఉడుతాభక్తిగా’ అని వినయంగా అంటాము గాని, మన పెరట్లోకి నిజమైన ఉడుత వచ్చినప్పుడు ఆ వినయం మనలో ఎంతసేపు నిలుస్తుంది?

కొన్నేళ్ల క్రిందట, డిసెంబరు నెలలో, నాకు విసుగు వచ్చి ఎలుకల బోనులో కొబ్బరి ముక్క పెట్టాను. తెల్లవారేసరికి ఒక ఉడుత పడింది. దాన్ని చంపలేదు. బోనును స్కూటరు మీద పెట్టుకొని కాలువ గట్టు దాకా తీసికొనిపోయి అక్కడి చెట్లలో వదిలిపెట్టి వచ్చాను. చంపలేదు గదా అని నా మనస్సాక్షి నన్ను మెచ్చుకొన్నది కూడా. ఆ సాయంత్రం నా భార్య, “వెంటిలేటరులో ఏదో కీచుమంటోందండీ” అన్నది. ఎలుకలై ఉంటాయిలే అన్నాను.

మరునాడు క్రిస్మస్ నక్షత్రము కట్టడానికి నిచ్చెన ఎక్కాను. చూరు క్రింద వెంటిలేటరులో కొబ్బరిపీచు, దూది, గుడ్డ పీలికలతో అల్లిన గూడు. అందులో ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు. ఒకటి అప్పటికే చల్లబడిపోయింది. మిగిలిన రెండిటిని పాత ఉన్ని గుడ్డలో పెట్టి, మేకపాలలో దూదివత్తి ముంచి నోటికి అందించాము. నేను మళ్లీ స్కూటరు తీసి కాలువ గట్టుకు వెళ్లాను. అన్ని చెట్ల మధ్య, అన్ని ఉడుతల మధ్య నాకు కావలసిన ఆ ఒక్కటి ఏదని వెదకను? బోను పట్టుకొని కొంతసేపు నిలబడి తిరిగి వచ్చాను. మరుసటి రాత్రికి ఆ రెండూ చనిపోయాయి.

ఆ ఆదివారం నా ప్రసంగాంశము లూకా 2:7, సత్రములో వారికి స్థలము లేకపోయిన సంగతి. ఆరాధన అయిన తరువాత సంఘపెద్ద ఒకాయన నా చెయ్యి పట్టుకొని, “చాలా బాగా చెప్పారయ్యగారూ” అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోని ఆ రెండు వచనాలు నేను సెమినరీలో పరీక్ష కోసము చదివినవే. దారిలో పక్షిగూడు కనబడితే, తల్లిని పిల్లలతో కలిపి పట్టుకొనకూడదు, తల్లిని పోనివ్వాలి అన్నది అక్కడి ఆజ్ఞ. యూదుల బోధకులు దీనిని చిన్న నాణెమంత ఖర్చు మాత్రమే ఉన్న తేలికైన ఆజ్ఞగా ఎంచారు. అయినను దీని చివర ఉన్న వాగ్దానము చూడండి: మేలు, దీర్ఘాయువు. తలిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞకు 5:16లో ఇచ్చిన వాగ్దానము ఇదే! అంత గొప్ప వాగ్దానాన్ని దేవుడు ఒక పిట్టగూటి దగ్గర పెట్టాడు. అది పక్షిని గూర్చిన మాట గదా, ఉడుతకు ఎలా వర్తిస్తుందని మీరు అడగవచ్చును. ఆ రాత్రి నేనూ అలాగే తప్పించుకోజూశాను. కాని నేను చేసినదేమిటి? తల్లిని తీసికొనిపోయి పిల్లలను విడిచిపెట్టాను. ధర్మశాస్త్రము ఊహించి నిషేధించినదానికంటె అన్యాయమైన పని అది. తెలియక చేశాను, నిజమే. కాని బోను పెట్టకముందు ఒక్కసారి చూరు వైపు తలెత్తి చూడవలసిన బాధ్యత నాదే గదా.

ఆ తరువాత లేవీయకాండము 19వ అధ్యాయము చదువుతుంటే ఇంకొక సంగతి నన్ను పట్టుకొన్నది. ఉడుతలు కొరికి పడవేసిన కాయల కోసము ప్రహరీ అవతలి గుడిసెల పిల్లలు వచ్చేవారు. ఉడుత కొరికిన జామపండు తియ్యన అని పల్లెల్లో పెరిగిన మనకందరికి తెలుసు. నేను వారిని కూడా అదిలించేవాణ్ణి. కాని ద్రాక్షతోటలో రాలిన పండ్లు ఎవరివని దేవుడు చెప్పాడు? బీదలవి, పరదేశులవి. యజమాని దయతలచి ఇచ్చే దానము కాదు, అసలు అతడు ఏరుకొనకూడదు. 25వ అధ్యాయము ఏడవ వచనమైతే ఏడవ యేట దానంతటది పండినదానిలో దేశములోని అడవి జంతువులకు కూడా పాలు ఉన్నదంటుంది. అంటే నా చెట్టు క్రింద రాలిన కాయలకు నేను కావలి కాసిన దినములన్నీ ఇతరుల సొత్తుకు కావలి కాశానన్నమాట.

పంటంతా ఉడుతకు ఒప్పజెప్పుమని నేను చెప్పను. బోయజు కూడా తన పంట తాను కోసుకొన్నాడు, కోసేటప్పుడు రూతు కోసము కొంత విడిచిపెట్టించాడు. మేము ఇప్పుడు చేతికి అందే కొమ్మల కాయలకు పాత గుడ్డసంచులు కడతాము. పై కొమ్మల జోలికి పోము. గింజలు పాతిన మడి మీద మొలక వచ్చేదాకా రేగుకంప కప్పుతాము. వెంటిలేటరుకు జాలీ వేయదలచితే ముందు లోపల చూడండి. గూడు ఉంటే పిల్లలు పెరిగి వెళ్లినదాకా ఆగండి. పాత చిక్కుడు పందిరి పడగొట్టే ముందు కూడా చూడండి. ఒకవేళ పిల్లలు క్రింద పడితే, చెప్పుల అట్టపెట్టెలో గుడ్డ వేసి వాటిని ఆ చెట్టు మొదట్లోనే పెట్టి, పిల్లిని, మన పిల్లలను దూరంగా ఉంచండి. తల్లి ప్రాణంతో ఉంటే తిరిగి వచ్చి, నోట కరచుకొని ఒక్కొక్కదాన్నే మోసుకొనిపోతుంది. ఆ తల్లిని మనం కాలువ గట్టున వదిలి రాకపోతే.

ఈ సంవత్సరము వెంటిలేటరులో మళ్లీ కొబ్బరిపీచు కనబడింది. అందుచేత నక్షత్రాన్ని వరండా రెండవ ప్రక్కకు మార్చి కట్టించాము. అది వాకిలికి ఎదురుగా లేదయ్యగారూ అని మా యౌవనస్థులు కొంచెం గొణిగారు. గేటు గడియ ఉదయం ఏడు గంటలకు తీస్తాము. రాలిన కాయలు ఏరుకోవడానికి పిల్లలు అప్పటికే వచ్చి బయట నిలబడి ఉంటారు.