పరిమళము - మనస్సు



గత సంవత్సరము మా కుమారుడు పరీక్షలకు చదువుచుండగా, వేడినీటిలో లావెండరు తైలము నాలుగు చుక్కలు వేసి అతని బల్లపై నుంచితిని. మనస్సు కుదుటబడునని నా యూహ. కుదుటబడినమాట నిజమే, కుఱ్ఱవాడు పుస్తకముపైననే నిద్రించెను!

కారణము పిదప చదివితిని. 2003లో ఇంగ్లండునందలి నార్తంబ్రియా విశ్వవిద్యాలయమున మార్క్ మాస్ ప్రభృతులు 144 మందిని మూడు వర్గములుగా విభజించి, అసలు ఉద్దేశము తెలుపకయే పరీక్షించిరి. లావెండరు వాసన పీల్చినవారికి విషయమును అప్పటికప్పుడు మనస్సున నిలుపుకొను శక్తి తగ్గెను. రోజ్‌మేరీ పీల్చినవారు చూచిన పదములను, బొమ్మలను మెరుగుగా జ్ఞప్తికి దెచ్చుకొనిరి, కాని మెల్లగా! ఫైళ్లు చూచు మనలోను అట్టివారు లేకపోలేదు. ఏ వాసనయు లేనివారికంటె ఈ యిరువర్గములవారును సంతుష్టితో నుండిరట.

తక్కిన యింద్రియముల వార్తలవలె ఘ్రాణేంద్రియపు వార్త థాలమస్ అను మజిలీలో ముందుగా ఆగదు. భావములకు, జ్ఞాపకములకు నెలవైన మెదడు భాగములకు సూటిగా చేరును. మా తల్లిగారు గతించి పదియేండ్లైనను, మరువపు వాసన సోకినంతనే ఆమె జడ నా కన్నులయెదుట నిలుచుట అందువలననే కాబోలు.

ఈ యేడు అబ్బాయి గదిలో తైలము లేదు. కిటికీ తెరచి యుంచితిమి.